తెరవెలుగును బాలబాలికల నిద్రయు

సెల్‌ఫోను చూచినచో కన్నులు పోవునని పెద్దలు బెదరించుచున్నారు. ఇన్నాళ్లు చూచితిమి, మా కన్నులు పోలేదే యని పిల్లలు నవ్వుచున్నారు. నీలివెలుగు నడ్డగించు కంటద్దములు కొన్నచో నే బాధయు లేదని వర్తకులు ప్రకటనలు చేయుచున్నారు. ఈ మువ్వురి మాటలలోను కొంత సత్యమును కొంత యసత్యమును కలిసియున్నవి. వానిని వేరుపరచి, గృహములందును పాఠశాలలయందును మనము చేయదగిన దేమో చెప్పుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము. మా యభిప్రాయమును మొదటనే చెప్పివేయుట మంచిది. తెరవెలుగు వలన కన్ను గ్రుడ్డిదగు ననుట భ్రమ. నిద్ర చెడు ననుట నిజము. అయితే నిద్రను చెరచునది ఆ వెలుగొక్కటియే కాదు. ఇక కన్నులకు నేడు నిజముగా కలుగుచున్న కీడునకు కారణము రాత్రి వెలుగు కంటె పగటి వెలుగు చాలకపోవుటయే. ఈ కడపటి మాట చదువరులలో పలువురకు వింతగా తోచవచ్చును. దానిని గూర్చియే ముఖ్యముగా చెప్పదలచితిమి గాని, నిద్రతో మొదలుపెట్టక తప్పదు.

కన్ను చూచుటకే యున్నదని మన మందర మనుకొందుము. దానికి మరియొక పని కూడ కలదు. పగలో రాత్రియో దేహమునకు తెలుపుట యా పని. మెదడులో, రెండు కన్నుల నరములును ఒకదాని నొకటి దాటు చోటికి పైన, ఇంచుమించు 20,000 కణములు గల యొక చిన్న గుంపు కలదు. దేహమునకు గడియారమువంటి దదియే. ఆకలి, నిద్ర, మెలకువ, దేహపు వేడిమి మున్నగునవి దాని ననుసరించి నడచుచుండును. ఆ గడియారము తనంతట తాను 24 గంటలకు కొంచె మెక్కువగా తిరుగును. దినదినమును దానిని సరిదిద్దునది వెలుగు. పూర్వము రేడియోలో కాలము చెప్పగానే గోడగడియారమును దిద్దుకొన్నట్లు, దేహము ఉదయసూర్యుని బట్టి తన గడియారమును దిద్దుకొనును. ఇట్టి గడియారము కణములలో నెట్లు తిరుగునో కనిపెట్టినందులకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017వ సంవత్సరమున నోబెలు బహుమాన మిచ్చిరి. వారు పరీక్షించినది మగ్గిన పండ్ల మీద వ్రాలు చిన్న యీగను! సృష్టికర్త యీగకును మనుష్యునకును ఒకే పద్ధతి గడియార మమర్చుట తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును.

వెలుగును గడియారమునకు తెలుపు కణములు, చూపునకు ముఖ్యముగా పనిచేయు కణములు వేరు వేరు. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కప్పచర్మమునందలి కణములలో మెలనాప్సిన్ అను వెలుగు నెరుగు పదార్థమును కనుగొనిరి. 2002లో డేవిడ్ బెర్సన్ మున్నగువారు, కంటి లోపలి పొరయగు రెటీనాలోనే కొన్ని నరకణములు తమంతట తామే వెలుగును గ్రహించి మెదడునకు వార్త పంపునని చూపిరి. ఈ కణములు అన్ని వన్నెల వెలుగునకును సమానముగా స్పందింపవు. ఇంచుమించు 480 నానోమీటర్ల తరంగము గల నీలివెలుగునకు మిక్కిలి స్పందించును. చూపు పూర్తిగా కోల్పోయిన యంధులలో కొందరికి సైత మీ కణములు చెడక నిలిచి, రేయింబవళ్ల భేదమును వారి దేహమునకు తెలుపుచుండును.

చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను రసమును రక్తములోనికి విడుచును. 1958లో యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆరన్ లెర్నర్ అను వైద్యుడు దీనిని పశువుల గ్రంథులనుండి వేరుచేసెను. ఇది నిద్రమాత్రవంటిది కాదు; రాత్రియైనదని దేహమంతట చాటు దండోరావంటిది. కంటిలో వెలుగు పడినచో ఆ దండోరా ఆగిపోవును. మనుష్యులలో నిట్లగునని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ మున్నగువారు రుజువు చేసిరి. వారు వాడిన వెలుగు మిక్కిలి తీక్ష్ణమైనది. సామాన్యమైన గదిదీపము సైతము కొంతవరకు ఆ పని చేయునని తరువాతి పరిశోధనల వలన తెలిసినది. పెద్దలకంటె పిల్లలలో ఈ ప్రభావ మధికము. వయస్సు వచ్చినకొలది కంటిలోని కటకము పసుపువన్నెకు తిరిగి నీలివెలుగును కొంత వడగట్టును. బాలుర కటకము తేటనీటివలె నుండి దానిని నిరాటంకముగ లోనికి విడుచును. ఒకే గదిలో ఒకే దీపము క్రింద కూర్చున్న తాతకును మనుమనికిని రాత్రి యొకే వేళకు రాదన్నమాట.

మన పూర్వులు ఆముదపు దీపము నొద్దను, పిదప కిరసనాయిలు లాంతరు నొద్దను చదువుకొనిరి. ఆ వెలుగు కొద్దిపాటిది, ఎరుపును పసుపును కలిసినది; అందు నీలిపాలు స్వల్పము. నేటి ఫోనులలోను టెలివిజనులలోను ఇంటి దీపములలోను వెలుగు నిచ్చునవి చాలవరకు ఎల్‌.ఇ.డి. దీపములు. నీలివెలుగు నిచ్చు ఎల్‌.ఇ.డి.ని సాధించి, తెల్లని దీపములకు దారి చూపినందులకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమూర అను జపానుదేశజులకు 2014లో నోబెలు బహుమానము లభించెను. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు నిచ్చు గొప్ప సాధనమది. దానిని నిందింప పనిలేదు. అయితే ఆ తెల్లని దీపము పుట్టుకచేత నీలిదీపము. పసుపు పూత వలన తెల్లగా కనబడుచున్నది.

ఇంతవరకు చదివి, తెరయే సర్వానర్థములకును మూలమని తీర్పు చెప్పువా రుందురు. అంత తొందర పనికిరాదు. బోస్టను నగరమున జరిగి 2014 డిసెంబరులో వెలువడిన యొక పరిశోధన యీ విషయమున తరచుగా పేర్కొనబడుచున్నది. 12 మందిని ఆసుపత్రిలో నుంచి, 5 రాత్రులు నిద్రకు ముందు 4 గంటల కాలము వెలుగుతెర గల చదువుయంత్రమును, మరి 5 రాత్రులు అచ్చు పుస్తకమును చదివించిరి. తెరమీద చదివినప్పుడు నిద్రపట్టుటకు ఇంచుమించు 10 నిమిషము లెక్కువ పట్టెను. మెలటోనిన్ పుట్టు వేళ గంటన్నర వెనుకకు జరిగెను. మరునాటి యుదయమున వారు మందముగా నుండిరి. గంటన్నర యనగా చిన్న సంగతి కాదు. కాని యచ్చట గది మసకగా నుండెను. తెర పూర్తి ప్రకాశముతో నుండెను. చదువు 4 గంటలు సాగెను. పగలు తీక్ష్ణమైన వెలుగులో గడపినవారికి రాత్రి తెరవలన కలుగు నష్టము తగ్గునని స్వీడను దేశపు పరిశోధన యొకటి చెప్పుచున్నది. మరియు 2021లో బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయమువారు 167 మంది యువజనులను పరీక్షింపగా, రాత్రివేళ తెరను పసుపువన్నెకు మార్చుకొన్నవారికిని మార్చనివారికిని నిద్రలో తేడా కనబడలేదు. చాలినంత నిద్రపోవు నలవాటు గలవారిలో, పండుకొనుటకు ముందు ఫోనును ముట్టనివారే మేలుగా నిద్రించిరి.

దీనివలన మాకు తోచున దిది. వెలుగు దోషము కొంత. ఆ వెలుగులో కనబడు విషయము దోషము మరింత. క్రికెట్టు పందెపు కడపటి ఓవరు, స్నేహితుని సందేశము, ఒకదానివెంట నొకటి తరుముకొని వచ్చు అరనిమిషపు బొమ్మలు—ఇవి మనస్సును పండుకొననీయవు. అచ్చు పుస్తకమునకు అధ్యాయాంతము కలదు. కథ యెంత రమ్యముగా నున్నను అచ్చట గుర్తు పెట్టి మూయవచ్చును. ఆ బొమ్మలకు అంతమే లేదు. అంతము లేకుండుటయే వానిని చేసినవారి నేర్పు. 2024లో అమెరికా జాతీయ నిద్రాసంస్థ కూర్చిన నిపుణులమండలి, నిద్రకు ముందు తెరమీద చూచు విషయము పిల్లల నిద్రకు హాని చేయునని యేకాభిప్రాయము తెలిపినది. కాబట్టి తెరవన్నె మార్చుకొని అర్ధరాత్రివరకు ఆటలాడు బాలుడు, దీపమునకు రంగుకాగితము చుట్టించి తెల్లవార్లు వీధినాటకము చూచినవానివంటివాడు.

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అను సామెత మనకు కలదు. నిద్ర వచ్చినవాడు చాప యైనను రాయి యైనను చూడక పండుకొనునని దాని భావము. నేటి బాలునకు పరుపున్నది, విసనకఱ్ఱకు మారుగా విద్యుత్తుపంకా యున్నది. నిద్రకు గడియ మాత్రము మిగుల లేదు. 13 మొదలు 18 ఏండ్ల వయస్సు వారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర వలయునని అమెరికా నిద్రావైద్యుల సంఘము 2016లో తెలిపినది. ఇప్పుడు మన ప్రాంతమున పదవ తరగతి చదువు బాలుని దినచర్య చూతము. ప్రత్యేక తరగతి ముగిసి యిల్లు చేరునప్పటికి సాయంకాలము 6 గంటలు. ట్యూషను ముగియునప్పటికి 8½. భోజనమైన పిదప 9½ గంటలకు వాట్సాపు సమూహమున మరునాటి లెక్కలును, ఫోటోలుగా తీసిన నోట్సును వచ్చును. వానిని తెరమీద చూచుచు కాగితము మీద నెక్కించునప్పటికి 10½. ఫోను చేతిలోనే యున్నది గావున మరియొక గంట ఎటు పోవునో వానికే తెలియదు. 11½కు నిద్ర. తెల్లవారి 5 గంటలకు లేపుదురు. నిద్రించినది 5½ గంటలు. తక్కువలో తక్కువగా లెక్కించినను లోటు దినమునకు 2½ గంటలు. ఆరు దినములకు 15 గంటలు. వారమునకు రెండు రాత్రుల నిద్రను బాలుడు బాకీపడుచున్నాడు. ఆదివారము ప్రార్థనామందిరమున ప్రసంగవేళ వాని తల వ్రాలినచో భక్తి లేదని మనము కోపపడుదుము.

ఆ ఫోనును రాత్రి 9½ గంటలకు బాలుని చేతి కిచ్చిన దెవరు? తండ్రి యిచ్చినాడు, ఇయ్యక తప్పని పరిస్థితిని పాఠశాల కల్పించినది. అనేక పాఠశాలలలో నీ యాచారము వ్యాపించియున్నది. తరగతిలో నల్లబల్లమీద వ్రాసి చెప్పదగిన నాలుగు లెక్కలను రాత్రి ఫోనునకు పంపుట వలన నుపాధ్యాయునకు పావుగంట మిగులును; నలువదిమంది పిల్లలకు నలువది గంటలు పోవును. ఇంటిపని యంతయు బడిగంట కొట్టకముందే పుస్తకమున వ్రాయించి పంపవలెననియు, సాయంకాలము 7 గంటల తరువాత విద్యార్థులకు ఏ సందేశమును పంపరాదనియు పాఠశాలలు నియమము చేసికొనవలెనని మా దృఢాభిప్రాయము. అత్యవసరమైన వార్త యున్నచో తలిదండ్రులతో ఫోనులో మాటలాడవచ్చును గదా.

తెల్లవారుజామున చదివినది తలకెక్కునని పెద్దలు చెప్పుదురు. దీపము వెలిగించిన రెండు గంటలకే యూరంతయు పండుకొను కాలమున ఆ మాట సరియైనదే. 8 గంటలకు పండుకొన్నవాడు 4 గంటలకు లేచినచో వానికి 8 గంటల నిద్ర ముగిసినది. నేడు పండుకొను వేళ మాత్రము పట్టణము ననుసరించి మారినది. లేపు వేళ మాత్రము పల్లెటూరి కోడికూత ననుసరించియే నిలిచియున్నది. ఆపైన, యౌవనారంభమున దేహపు గడియారము స్వభావముచేతనే వెనుకకు జరుగునని మేరీ కార్స్కడన్ మున్నగువారు చూపియున్నారు. పదునైదేండ్ల బాలునకు రాత్రి నిద్ర ఆలస్యముగా పట్టుట, ఉదయమున మెలకువ రాకుండుట సోమరితనమని తిట్టుట న్యాయము కాదు. చదివిన పాఠము మనస్సున స్థిరపడు పని చాలవరకు నిద్రలోనే జరుగును. నిద్రను కోసి చదివించుట, విత్తనము చల్లిన చేలో ఆ రాత్రియే మరల దున్నుటవంటిది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఉన్నత పాఠశాలలు ఉదయము 8½ గంటలకు ముందు తెరువరాదని 2019లో శాసనము చేసి, 2022 జూలైనుండి అమలుపరచిరి. మన యెండలలో, ఒంటిపూట బడుల కాలమున, అది సాగునని మేము చెప్పము. పరీక్షల పేరుతో బోర్డింగు పిల్లలను 4 గంటలకు లేపు గంటను మాత్రము మానుటకు శాసన మక్కర లేదు. పూర్వము మిషను బోర్డింగులలో రాత్రి ప్రార్థన కాగానే గంట కొట్టి దీపము లార్పుచుండిరి. కఠినమైన నియమమని యప్పటి పిల్లలు గొణుగుకొని యుందురు. ఆ గంటను మరల కొట్టవలసిన కాలము వచ్చినది.

ఇక కన్నుల సంగతి. నీలివెలుగు కంటిని దహించు ననుట మొదట విచారింతము. ఫోను తెరనుండి కంటికి వచ్చు నీలివెలుగు పగటి యాకాశమునుండి వచ్చుదానిలో నతిస్వల్పభాగము. తెరల వెలుగు కంటికి వ్యాధి కలిగించునని చూపు నిదర్శనము లేదని అమెరికా నేత్రవైద్యుల సంఘము తెలుపుచున్నది. నీలివెలుగు నడ్డగించు అద్దములను గూర్చి 17 పరీక్షలను కూర్చి చూచిన కాక్రేన్ సమీక్ష 2023లో వెలువడినది. మామూలు అద్దములకంటె అవి కంటి యలసటను తగ్గించునట్లు కనబడలేదు. బీదతండ్రి యొకడు పిల్లవాని మీది ప్రేమచేత ఈ అద్దములకై వందలు వేలు వెచ్చించుట చూచినప్పుడు మాకు కష్టముగా నుండును. ఆ సొమ్ముతో వాని కొక బంతియు, మంచి జత బూట్లును కొనిపెట్టుట కన్నులకు మేలు. ఇది హాస్యమున కన్నమాట కాదు. కారణము ముందు చెప్పుదుము.

తెర చూచుటచేత కన్నులు మండుట, నీరు కారుట, తలనొప్పి కలుగుట మాత్రము వాస్తవము. నిమిషమునకు ఇంచుమించు 15 సార్లు రెప్పవేయు మనుష్యుడు తెరను చూచునప్పుడు 5 మొదలు 7 సార్లు మాత్రమే వేయును. కంటినీరు పరచుకొనక పొరలు ఆరిపోవును. మరియు దగ్గరి వస్తువును చూచుటకు కంటిలోని చిన్న కండరము కటకమును బిగించి పట్టుకొనవలయును. గంటలకొలది బిగించిన పిడికిలివలె నది యలసిపోవును. 20 నిమిషముల కొకసారి తల యెత్తి 20 అడుగుల దూరమున నున్న దేనినైనను 20 సెకండ్లు చూచుట దీనికి చాలును. కిటికీ యవతలి వేపచెట్టు మంచి మందు. ఇచ్చట నొక సంగతి చెప్పుట యుక్తము. హైదరాబాదున 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన నేత్రవైద్యాలయమునకు భూమిని ధనమును ఇచ్చి సాయపడినవారు చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్‌గారు; అది వారి పేరనే నడచుచున్నది. తెరమీద బొమ్మలు చూపించి గడించిన ధనము ఇట్లు కన్నుల సేవకు వచ్చినది. సినిమాతెర దూరముగా నుండుటవలన కంటికండరమునకు విశ్రాంతియే. జానెడు దూరమున చేతిలో పట్టుకొన్న తెరకు ఆ గుణము లేదు.

కంటికి నిజమైన యాపద హ్రస్వదృష్టి. దగ్గరివి కనబడి, దూరపువి మసకబారుట దాని లక్షణము. కనుగ్రుడ్డు వెనుకకు పొడవుగా పెరుగుటచేత నిది కలుగును. పెద్దవారిలో కనుగ్రుడ్డు పొడవు ఇంచుమించు 24 మిల్లీమీటర్లు. దానికి ఒక్క మిల్లీమీటరు పెరిగినచో అద్దపు సంఖ్య రెండున్నర, మూడువరకు పెరుగును. ఒకసారి పొడవైన గ్రుడ్డు మరల కురుచ కాదు. సంఖ్య మిక్కిలి పెరిగినవారికి నడివయస్సున రెటీనా యూడిపోవుట, నీటికాసులు మున్నగు వ్యాధుల భయ మధికము. కావున అద్దములు పెట్టుకొన్నచో తీరిపోయిన దనుకొనరాదు. మన దేశమున పట్టణములలోని 5 మొదలు 15 ఏండ్ల పిల్లలలో 1999లో నూటికి 4½ మందికి లోపుగా నుండిన హ్రస్వదృష్టి 2019 నాటికి 21 మందికి పెరిగినదనియు, ఇట్లే సాగినచో 2050 నాటికి 48 మంది కగుననియు పైని చెప్పిన హైదరాబాదు వైద్యాలయపు పరిశోధకులు లెక్కకట్టిరి. అనగా ఒక తరగతిలో సగము బెంచీలు!

దీనికి తెర కారణమా? 45 పరిశోధనలను కలిపి, 3,35,000 మందికి పైగా జనుల వివరములను చూచిన సమీక్ష యొకటి 2025లో వెలువడినది. తెరముందు గడపు కాలము దినమున కొక గంట పెరిగినకొలది హ్రస్వదృష్టి సంభవము నూటికి 21 వంతులు పెరుగుచున్నట్లు అందు కనబడినది. అయితే తెరముందు కూర్చున్న గంట, ఆరుబయట లేని గంటయు నగును. ఏది యెంత దోషమో విడదీయుట కష్టము. విడదీయగలిగిన పరీక్ష యొకటి చైనాదేశమున గ్వాంగ్జౌ నగరమున జరిగెను. 12 ప్రాథమిక పాఠశాలలను తీసికొని, వానిలో సగమునందు మొదటి తరగతి పిల్లలకు దినమునకు 40 నిమిషము లధికముగా ఆరుబయట తరగతి పెట్టిరి. మూడేండ్లు గడచిన పిదప, మామూలు పాఠశాలలలో నూటికి 39.5 మందికి క్రొత్తగా హ్రస్వదృష్టి రాగా, ఆరుబయట గడపినవారిలో 30.4 మందికి మాత్రమే వచ్చెను. 2015లో నీ ఫలితములు వెలువడినవి. మందు లేదు, యంత్రము లేదు, ఖర్చు లేదు; 40 నిమిషముల యాకాశము. తైవాను ద్వీపమున 2010నుండి పాఠశాలల పిల్లలను దినమునకు 120 నిమిషములు బయట నుంచు ప్రయత్నము సాగింపగా, అంతకుముందు ఏటేట పెరుగుచు వచ్చిన దృష్టిలోపము 2012 తరువాత తగ్గుముఖము పట్టెను. 2012లో నూటికి 49.4గా నుండినది 2015లో 46.1 అయినది.

పగటివెలుగు ఇట్టి మేలు చేయుటకు, అది రెటీనాలో డోపమిన్ అను పదార్థమును పుట్టించి కనుగ్రుడ్డు పెరుగుదలను నిదానపరచుటయే కారణమని పలువురు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. వెలుగు పరిమాణములో భేద మెంతో చూడుడు. తరగతిగదిలో 300 మొదలు 500 లక్సుల వెలుగున్నచో మంచి గది యందుము. ఆరుబయట మధ్యాహ్నపు టెండలో 1,00,000 లక్సులుండును. చెట్టునీడను సైతము వేలకొలది లక్సులు కలవు. కాబట్టి పిల్లలను మేనెలలో మిట్టమధ్యాహ్నము నిలువబెట్టుమని మేము చెప్పుట లేదు. ఉదయము 9 లోపలను, సాయంకాలము 4 దాటిన పిదపను, చింతచెట్టు క్రిందనైనను సరియే. ఉదయపు వెలుగు మొదట చెప్పిన దేహపు గడియారమును కూడ సరిదిద్ది, రాత్రి వేళకు నిద్ర పట్టించును. ఒకే మందు రెండు రోగములకు పనిచేయుట వైద్యమున నరుదు.

ఇంత తెలిసియు మనము చేయుచున్న దేమి? పదవ తరగతికి రాగానే మొట్టమొదట కోతపడునది ఆటల పీరియడు. జూలై మాసముననే దానిని లెక్కలకో భౌతికశాస్త్రమునకో ఇచ్చివేయుదురు. కొన్ని పాఠశాలలకు ఆటస్థలమే లేదు; మేడమీద తరగతి, మేడమీదనే భోజనము. మిషను పాఠశాలలను స్థాపించినవారు ఊరివెలుపల విశాలమైన స్థలములను సంపాదించి చెట్లు నాటించిరి. ఆ నీడ నేడు వాహనములు నిలుపుటకు వాడబడుట మేము కొన్ని చోట్ల చూచితిమి. బాలికల విషయ మింకను విచారకరము. ఈడు వచ్చిన బాలిక మైదానమున పరుగెత్తుట కొందరు తలిదండ్రులకు నచ్చదు. బడినుండి తిన్నగా యింటిలోనికి, ఇంటిలో ఫోనునొద్దకు. వీధిలోని పోకిరీలకు భయపడి కూతు నింటిలో నుంచు తల్లిని మేము తప్పుపట్టము; గోడ గల పాఠశాల మైదానమున, ఉపాధ్యాయినుల యెదుట, గంటసేపు ఆడనిచ్చుటకు అభ్యంతర మేమి? ఆటల పీరియడును ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు దినమునకు 40 నిమిషములుగా మరల స్థాపింపవలెననియు, దానిని వేరు పాఠమునకు తీసికొనుట నిషేధింపవలెననియు పాఠశాలాధికారులను వేడుచున్నాము. బాలబాలికల కిరువురకును.

మేము యంత్రవిరోధులము కాము. 2020 మార్చిలో కోవిడు వలన పాఠశాలలు మూతపడినప్పుడు, ఆ సంవత్సరము సెప్టెంబరు 1నుండి తెలంగాణమున టెలివిజనులోను ఫోనులలోను పాఠములు నడచినవి. తెరయే లేకున్న యెందరు పిల్లలు బడి మరచియుందురో! ఫోను లేని యింటి పిల్లలు పొరుగింటి గడపలో కూర్చుండి పాఠము విన్న దినము లవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా టాబ్లెట్లను పంచిపెట్టెను. కూలివాని కుమార్తె చేతికి గ్రంథాలయ మొకటి వచ్చినట్లాయెను. అట్టి వస్తువును పాపపువస్తు వని చెప్పుట కృతఘ్నత. పగటివేళ, బల్లమీద నిలిపి, మూర దూరమున నుంచి, పాఠమునకై వాడినచో దానివలన మేలే. పడుకమీద, దుప్పటి క్రింద, చీకటిగదిలో, ముక్కునకు జానెడు దూరమున పట్టుకొన్న టాబ్లెట్టు వేరు వస్తువు.

తలిదండ్రులతో నొక మాట. రాత్రి 9 గంటలకు ఇంటిలోని ఫోనులన్నియు, తమవి కూడ, వంటయింటిలోనో ముందుగదిలోనో ఒకచోట చార్జింగునకు పెట్టుడు. తండ్రి పడుకమీద వార్తలు చూచుచు కుమారుని మందలించుట చెల్లదు. లేచుటకు అలారము కావలెనందురా, గుండ్రని గడియార మొకటి కొనుడు. అది కంటద్దములకంటె చవుక. విద్యార్థులారా, మీకును ఒక మాట. పరీక్ష ముందు రాత్రి 2 గంటలవరకు మేలుకొన్నామని మరునాడు గొప్పగా చెప్పుకొనుచుందురు. ఆ గొప్పను ఫలితముల దినమున మార్కుల పట్టికతో పోల్చి చూచుకొనుడు.

చివరి మనవి యొకటి కలదు. చూపు తగ్గిన సంగతి పిల్లలు చెప్పరు, వారికి తెలియదు. నల్లబల్ల కనబడనివాడు ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొని, అశ్రద్ధ గలవాడని పేరు తెచ్చుకొనును. కొందరు తలిదండ్రులు అద్దములు పెట్టినచో సంఖ్య పెరుగునని భయపడుదురు. ఆ భయమున కాధారము లేదు. కొందరు కూతునకు అద్దము లున్నచో సంబంధములు రావని, పిల్లకు కనబడదని తెలిసియు దాచుదురు. ఆ పిల్ల మూడు సంవత్సరములు నల్లబల్లను చూడక పరీక్ష తప్పినచో ఏ సంబంధము వచ్చునో వారే యాలోచించుకొనవలెను. వచ్చు జూనులో పాఠశాల తెరచిన మొదటి వారమున ప్రతి తరగతికిని కంటిపరీక్ష చేయింపవలెనని కోరుచున్నాము. తొలిపరీక్షకు వైద్యుడు సైత మక్కరలేదు. తప్పినవారిని మాత్రము వైద్యునియొద్దకు పంపవచ్చును. కావలసినవి అక్షరముల పట మొకటి, 20 అడుగుల వసారా, ఓపికగల యుపాధ్యాయు డొకడు, ఒక పూట.